అంకెలు లేని పుస్తకం

కార్తీక మాసం, బహుళ పక్షం, ఆదివారం. స్థలం: ఎమ్మిగనూరు, అక్క ఇంటి పడసాల. హాజరైనవారు: మా అక్క సుందరమ్మ, ఆదోనిలో డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే ఆమె మనవరాలు శైలజ, రాఘవరావు అనే నేను, లెక్కల మాస్టరుగా రిటైరైనవాణ్ణి, అక్కకు తమ్ముణ్ణి. లేనివారు: నాయన, అమ్మ, బావ. ఎక్కడున్నాడో తెలియనివాడు: పాండన్న.

హైస్కూలు రోజుల నుంచి నా డైరీలో ప్రతి పేజీ ఇట్లాగే మొదలవుతుంది. మాసం, పక్షం, వారం, స్థలం, ఎవరెవరున్నారు. లేనివారి పేర్లు కూడా రాసింది మాత్రం ఆ ఆదివారమే. ఎందుకు రాశానో ఆ రోజు సాయంత్రానికి గానీ నాకే తెలియలేదు.

శైలజ, ఆమె స్నేహితులు కలిసి ఒక పాత నవలను మళ్ళీ అచ్చు వేస్తున్నారు. ఎప్పుడో ఒక్కసారి అచ్చయి, ఎవరికీ పట్టక మరుగున పడిన పుస్తకం. ఇప్పుడు దాన్ని గొప్ప సాహిత్యమంటున్నారు. వేరే ఊరి గ్రంథాలయంలో దొరికిన ప్రతిని బట్టి ప్రూఫులు తీయించి, నాకు రెండు పనులు అప్పగించింది. అక్క దగ్గర ఉన్న మా ఇంటి ప్రతిని పక్కన పెట్టుకుని ఆ ప్రూఫులు దిద్దడం ఒకటి. ఇది ఎందుకు గొప్ప నవలో మామూలు పాఠకుడికి తెలిసేట్టు ముందుమాట రాయడం ఇంకొకటి. మొదటిది నాకు చేతనవును. రెండోదానికి నెల రోజులుగా కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

ఆ నవల పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో ఎవరూ దాన్ని పేరుతో పిలవలేదు, 'బావ పుస్తకం' అనేవాళ్ళం. అందులో ఒక మనిషి రైల్వే స్టేషన్లో బల్ల మీద కూర్చుని ఉంటాడు. ఇంటికి పోవాలా వద్దా అని ఆలోచిస్తుంటాడు. కథ అంతే. అతనికి పేరు లేదు. పసివాడుగా ఉన్నప్పుడూ 'అతను', తల నెరిశాకా 'అతను'. అధ్యాయాలు లేవు. వాక్యం పేజీలు దాటి పోయి ఎక్కడో తెగుతుంది, మళ్ళీ ఎక్కడో నడుమ నుంచి మొదలవుతుంది. ఒకే మధ్యాహ్నం మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మారి ఉంటుంది. శైలజ దీన్ని చైతన్య స్రవంతి అంటుంది, ఆ మాట మీద గంటసేపు మాట్లాడగలదు. నేను ఈ పుస్తకాన్ని చాలాసార్లు చదివాను గానీ ఒక్కసారి కూడా సుఖంగా చదవలేదు. ఒక మెట్టు ఎక్కి ఇంకో మెట్టు మీద కాలు పెట్టడం నాకు అలవాటైన నడక. పైగా ఈ వయసులో ఒక పుస్తకం గొప్పదని ఇంకొకరికి నచ్చజెప్పే ఓపిక లేదు. కళ్ళు ప్రూఫులకే చాలడం లేదు. అందుకని ప్రూఫుల కట్ట సంచిలో వేసుకుని ఆదోనిలో బస్సెక్కి అక్క దగ్గరికి వచ్చాను. ఆ పుస్తకాన్ని మా ఇంట్లో విన్నవాళ్ళలో, నేను కాక, మిగిలింది ఆమె ఒక్కతే.

ఈ ఇల్లు నేను పుట్టిన ఇల్లు కాదు, కానీ వీధి అదే. అప్పుడు మా మిద్దెకు ఇరువైపులా మగ్గాల ఇళ్ళు. తెల్లవారక ముందే నూలుకు పట్టించే గంజి కాచిన వాసన మా పడసాలలోకి వచ్చేది. ఆ వాసనకు లేచి, మగ్గాల చప్పుడుకు పళ్ళు తోముకుని, బొరుగులు తిరగమోత పెట్టిన వాసనకు బడికి తయారయ్యేవాళ్ళం. నాయన ప్రాథమిక పాఠశాలలో హెడ్మాస్టరు. బడి వదిలాక నశ్యం డబ్బీ పక్కన పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకునేవాడు. దీపాలు పెట్టే వేళకు కాళ్ళు కడుక్కుని వచ్చి పడసాలలో పురాణం మొదలుపెట్టేవాడు. వ్యాసపీఠం మీద పుస్తకం, దాని ముందు కిరోసిన్ దీపం. మొదట్లో చదివేదీ ఆయనే, అర్థం చెప్పేదీ ఆయనే. కళ్ళకు పొర వచ్చాక చదివే పని మా బావ వెంకోబారావుకు వచ్చింది. బావ మాకు మేనత్త కొడుకు కూడా. ఎమ్మిగనూరుకే మాస్టరుగా బదిలీ అయి, అక్కతో మా ఇంటి పక్క భాగంలోనే కాపురం ఉండేవాడు. బావ చదవడం, నాయన అర్థం చెప్పడం. వీధిలోని ముసలమ్మలు నూలు కండెలు చుట్టుకుంటూ గోడకు ఆనుకుని వినేవాళ్ళు.

ఈ చదువుకు మా ఇంట్లో ఒక నియమం ఉండేది. పాడుచోట ఆపకూడదు. యుద్ధంలో ఎవరో పడిపోయిన చోట, ఎవరో అడవికి పోయిన చోట, తల్లి ఏడుస్తున్న చోట ఆ రోజు చదువు ముగించకూడదు. ఎంత ఆలస్యమైనా ఒక మంచి మాట వచ్చేదాకా చదివి, అక్కడ పుస్తకం మూయాలి. అన్నం చల్లారిపోతున్నదని అమ్మ లోపలి నుంచి గరిటె చప్పుడు చేసినా సరే, నాయన వేలు ఎత్తి, "ఇంకా రానీ, మంచిచోటు రానీ" అనేవాడు. ఆ నియమం అతిక్రమించడం నేనెప్పుడూ చూడలేదు.

పాండన్న అక్కకు తమ్ముడు, నాకు అన్న, మా ముగ్గురిలో నడుమవాడు. చదువు మానేసి ఆదోనిలో పత్తి మిల్లులో కూలికి చేరాడు. హెడ్మాస్టరు కొడుకు దూది మూటలు మోస్తున్నాడని ఊళ్ళో నలుగురూ అనుకున్న రోజు నాయనకూ అతనికీ మాట పెరిగింది. "ఇంగ ఈ గడప తొక్కొద్దు" అన్నాడు నాయన. పాండన్న చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా మెల్లగా నడిచి పోయాడు, ఎవరైనా పిలుస్తారేమో అన్నట్టు. ఎవరూ పిలవలేదు. తరువాత కొన్ని నెలలకు, పిల్లాపాపలతో సుగ్గికి, అంటే కూలి పనులు వెతుక్కుంటూ వలస పోయి తిరిగొచ్చిన కోసిగి మనిషి ఒకాయన నాయనను బడి దగ్గర కలిశాడు. "మీవాడు ఆదోని స్టేషన్లో బల్ల మీద కూర్చోని ఉండె సార్. యాడికప్పా అంటే నవ్వినాడు. మా బండి వస్తానే మేము ఎక్కిపోతిమి" అన్నాడు. పాండన్న గురించి మాకు చేరిన చివరి కబురు అదే. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు కూడా.

అది జరిగిన కొన్నాళ్ళకు బావ ఆదోని నుంచి ఆ నవల తెచ్చాడు. మొదటి పేజీలోనే స్టేషన్లో బల్ల మీద కూర్చున్న మనిషి కనిపించాడట, కొన్నాడు. ఆ సాయంత్రం పురాణం ముగిశాక దాన్ని తీసి వ్యాసపీఠం మీద పెట్టాడు. అమ్మ గుమ్మంలోకి వచ్చి, "పురాణం పీట మీద నవల పెడతావేమప్పా?" అంది.

"పీటకేం తెలుసత్తా, ఏది పురాణమో" అన్నాడు బావ.

బావ చదివాడు. అలవాటు ప్రకారం ఒక చోట ఆగి, అర్థం కోసం నాయన వైపు చూశాడు. నాయన, "అర్థం యాడుంది దీంట్లో. చదువు" అన్నాడు. రెండో రోజు కూడా అంతే. పక్కింటి ఈరమ్మ కండెల బుట్ట ఎత్తుకుని లేచింది. "ఏం కథ సామీ ఇది. కూసున్నోడు కూసున్నట్టే ఉండాడు. లేసినప్పుడు సెప్పంపు, వస్తా" అని పోయింది. మిగతా వాళ్ళూ ఒకరి తరువాత ఒకరు మానేశారు. చివరికి వినేవాళ్ళం ఇంటివాళ్ళమే మిగిలాం.

వాక్యవాక్యానికీ అర్థం చెప్పందే ముందుకు పోనివ్వని మా నాయన, అర్థం కాని ఆ పుస్తకం కోసం మాత్రం పొద్దు కుంకక ముందే కాళ్ళు కడుక్కుని కూర్చోవడం మొదలుపెట్టాడు. బావ బడి నుంచి రాగానే అడిగేవాడు. "అతను యాడిదాకా వచ్చినాడు వెంకోబా?"

"ఇంకా స్టేషన్లోనే ఉండాడు మామా."

"తిన్నాడా?"

"నిన్నటి పేజీలో టీ తాగినాడు."

"ఉత్త టీనా?"

లోపల రుబ్బురోలు ఆగిపోయేది. అమ్మ వింటున్నదని మాకు తెలుసు. నాయన ఎవరిని గురించి అడుగుతున్నాడో అందరికీ తెలుసు, నాయనకు కూడా. ఆ మనిషికి పేరు లేకపోవడం మాకెంత అనువైందో అప్పుడు నాకు తెలియదు. పేరు ఉండి ఉంటే వాడు ఇంకెవరో అయ్యేవాడు.

నడుమ కొన్నాళ్ళు చదువు ఆగింది. పుస్తకానికి చెదలు తగిలిందని, ఆదోనిలో బైండింగుకు ఇచ్చానని బావ అన్నాడు. ఆ రోజులు నాయన పురాణం కూడా సరిగా వినలేదు. పుస్తకం తిరిగి వచ్చింది గట్టి కుట్లతో, గుడ్డ వెన్నుతో. కానీ బైండరు అంచులు మరీ లోపలికి కత్తిరించాడు. పేజీల అంకెలన్నీ పోయాయి. నాకు ఒళ్ళు మండింది. "ఏ పేజీలో ఉండామో ఎట్ల తెలిసేది బావా?" అన్నాను. "దీనికి అంకెలెందుకురా? అతనికే తెలీదు యాడుండాడో" అన్నాడు బావ నవ్వుతూ.

మా పుస్తకం ఇట్లా ముగిసేది. వాన. మూసిన తలుపు. అతను తలుపు మీద చెయ్యి పెట్టి 'అమ్మా' అంటాడు. లోపలి నుంచి ఒక గొంతు, 'ఎవరూ?' అంటుంది. అంతే, తరువాత అట్ట. ఆ రోజు బావ పుస్తకం మూశాక నాయన, "ఇంగ తలుపు తీస్తారులే" అని లేచి, అన్నానికి పోయాడు. ఆ తరువాత ప్రతి ఏడూ కార్తీకంలో పురాణం అయ్యాక బావ పుస్తకం చదివించుకునేవాడు, పోయేదాకా. పాండన్న రాలేదు. నాయన తరువాత అమ్మ పోయింది, ఆ తరువాత బావ. వీధిలో చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చాయి, వాటిలోనూ చాలా మూతపడ్డాయి. గంజి వాసన ఏ ఏడు ఆగిపోయిందో డైరీలో రాసుకోలేదు. పడసాలలో పదిమంది కూర్చుని ఒక పుస్తకం వినడమన్నది శైలజ విద్యార్థులకు చెబితే నమ్మరు. వాళ్ళు సెల్‌ఫోన్లో కథ సారాంశం చూసుకుని పరీక్ష రాస్తారు. వాళ్ళను తప్పు పట్టే ఓపిక కూడా నాకు అయిపోయింది.

ఆదివారం పొద్దున ప్రూఫులు, మా ప్రతి పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మొదటి సగం సరిపోయింది. తరువాత ఒక చోట మా ప్రతిలో ఉన్నది ప్రూఫులో లేదు. అచ్చువాళ్ళు వదిలేశారనుకున్నాను. వెతికితే చాలా పేజీల తరువాత, చిట్టచివర దొరికింది. లెక్కల మాస్టరును కాబట్టి పెన్సిలు తీసుకుని ఫారాలు, అంటే కొన్నేసి పేజీలుగా అచ్చువేసి మడిచి కుట్టే కట్టలు, గుర్తుపెట్టుకుంటూ పోయాను. మధ్యాహ్నం భోజనాల వేళకు తేలింది. మా ప్రతిలోనే ఫారాలు తారుమారయ్యాయి. మా పుస్తకం చివరి తలుపు అసలు నవలలో నడుమ ఎక్కడో ఉంది. అది బడి నుంచి తడిసి వచ్చిన పసివాడి జ్ఞాపకం. 'ఎవరూ?' అన్న మాట దగ్గర ఆ ఫారం సరిగ్గా ముగుస్తుంది. అసలు చివర అతను లేచి, వచ్చిన రైలెక్కి పోతాడు. మా ప్రతిలో ఆ రైలు నడుమన వచ్చేది గనక, మేము దాన్ని అతను మొదట ఇల్లు వదిలిన నాటి జ్ఞాపకమనుకున్నాం. తెగిన వాక్యాలు అతుక్కోలేదని ఎవరూ అనుకోలేదు. ఆ నవలలో అతుక్కునే వాక్యాలు ఎప్పుడూ లేవు.

శైలజ కూడా ఇన్నాళ్ళూ చదివింది మా ప్రతినే, ప్రూఫులు ఇంకా చూడలేదు. ఆమెను పెరట్లోకి పిలిచి చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. "అవ్వకు చెప్పొద్దు తాతా. కొత్త పుస్తకం చివర నాలుగు ఫారాలు చదివించుకోవల్లని నెల నుంచి అడుగుతా ఉంది. పాండుతాత ఎప్పటికైనా వస్తాడనే ఉంది అవ్వకు. ఆ తలుపు కాడ ఆగే కథే కదా, అట్ల అనుకునేట్టు చేసింది. ఇప్పుడు రైలెక్కి పోయినాడంటే ఏమైతుందో."

నాకూ అదే భయం. అక్కకు ఎనభై దాటాయి. రెండు కళ్ళకూ చూపు దాదాపు లేదు. నవల గొప్పదనం సంగతి అటుంచి, ఆమె చేతిలో మిగిలిన ఒక్కదాన్ని లాగేసే పని నాకెందుకు? ప్రూఫులు దాచి, పాత ప్రతే చదవాలని ఇద్దరం అనుకున్నాం.

ఎండ వాలాక అక్క పడసాలలో చాప మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పాత పుస్తకం తెరిచి నాలుగు పంక్తులు చదివాను.

"రాఘవా."

"ఏమక్కా?"

"అది పాతది గదా. ఆ కాగితం సప్పుడు నాకు తెలీదా? కొత్తది తీయి."

"రెండూ ఒకటేలే అక్కా."

"ఒకటే అయితే కొత్తది తీసేకి నీకేం నొప్పి?"

శైలజ, నేను ముఖాలు చూసుకున్నాం. అక్కే మళ్ళీ అంది. "పాతదాంట్లో ఏముందో నాకు తెలుసురా. మీ బావ యాడ ఇప్పించి యాడ కుట్టించినాడో కూడా తెలుసు. చెదలు లేదు, ఏమీ లేదు. నాయనకు చదివేది మొదలుపెట్టినాక, ఒక రోజు ఊరికే ముందుకు పోయి చివర చూసుకున్నాడు. చూసి ఆ పూట అన్నం తినలేదు. ఆ మనిషి ఇంటికి రాడు సుందరా, పోతాడు అన్నాడు. పాడుచోట ఆపగూడదు కదా మన ఇంట్లో. పుస్తకమే పాడుచోటు అయిపోతే యాడ ఆపల్ల? మానేద్దామంటే నాయన పొద్దున్నే అడుగుతాడు, అతను యాడిదాకా వచ్చినాడని. అందుకే ఆదోనికి పోయి తిరగేసి కుట్టించినాడు."

"మరి అంకెలు?"

"అది నీకోసం. లెక్కలోడు ఇంట్లో ఉండాడు, అంకెలుంటే పట్టేస్తాడని కత్తిరించమన్నాడు."

శైలజ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ బైండరును తిట్టుకుంటూ వచ్చాను.

"తెలిసి కూడా ఎప్పుడూ చెప్పలేదేం అవ్వా?" అంది శైలజ.

"నాకూ ఆ తలుపు కావల్లనే ఉండె. నాయన పోయినాక కూడా కావల్లనే ఉండె. ఇప్పుడు నాకు దినాలు తక్కువ. రాసినాయప్ప ఏం రాసినాడో విని పోతా. చదువు."

ప్రూఫులు తీసి చదివాను. బావ గొంతులా నా గొంతు సాగదు. దగ్గు వచ్చినప్పుడు శైలజ నీళ్ళిచ్చింది. వినేవాళ్ళు ఎదురుగా ఉంటే ఆ వాక్యాలు నేననుకున్నంత కష్టంగా లేవు. ఎదురుచూసే మనిషి మనసు ఎట్లా చుట్లు తిరుగుతుందో అట్లాగే తిరుగుతున్నాయి. మా నాయన సాయంత్రాలు కూడా అట్లాగే తిరిగేవి, ఒకే మధ్యాహ్నం చుట్టూ, చెప్పులేసుకుని వీధి చివరికి మెల్లగా పోతున్న ఒక వీపు చుట్టూ. ముందుమాటలో ఏం రాయాలో అప్పుడు కొంచెం తెలిసింది. తన నోటితో కొడుకు ఊసెత్తలేని మనిషికి రోజూ కొడుకును అడిగే వీలు ఈ పుస్తకం ఇచ్చింది. తేలికైన కథ అయితే ఒక్క రోజులో అయిపోయేది. అర్థం చిక్కే కథ అయితే నాయన అర్థం చెప్పి మూసేసేవాడు.

వెలుతురు తగ్గుతుండగా చివరికి వచ్చాను. రైలొస్తుంది. అతను లేస్తాడు. ఏ రైలో, ఎటు పోయేదో రాయలేదు. బండి కదిలాక ప్లాట్‌ఫారం మీద ఎవరూ ఉండరు. అతను కూర్చున్న చోట బల్ల ఇంకా వెచ్చగా ఉంది. అదే చివరి వాక్యం.

నా చెయ్యి తనంతట తానే పేజీలు వెనక్కి తిప్పింది. మంచిచోటు ఒకటి వెతికి, అక్కడ ఆపుదామని. అక్క చప్పుడు విని, "ఏం వెతుకుతావురా?" అంది.

"పాడుచోట ఎట్ల ఆపేది అక్కా?"

"బల్ల వెచ్చగా ఉంది అన్నాడా?"

"అన్నాడు."

"అయితే ఇప్పుడే పోయినాడన్న మాట."

నేను మళ్ళీ చివరి పేజీకి తిప్పాను.

"ఇది పాడుచోటు కాదు రాఘవా. ఆపు" అంది. పుస్తకం మూశాను. శైలజ లేచి దీపం పెట్టింది.

మరునాడు పొద్దున అక్క నాకంటే ముందే లేచి గోడ పట్టుకుని పడసాలలోకి వచ్చి కూర్చుంది. శైలజ కాఫీ ఇచ్చింది. రాత్రి నిద్ర పట్టిందా అని అడిగితే, బాగా పట్టింది అంది. నేను సంచి సర్దుతుంటే, "పాతది నువ్వు తీసకపో. కొత్తది అచ్చయినాక నాకొకటి ఇయ్యి" అని, శైలజ వైపు తిరిగి, "అంకెలు పెద్దవి వేయమను" అంది. ముందుమాట ఎప్పుడిస్తావని శైలజ బస్సు దాకా వచ్చి అడిగింది. మూడు వాక్యాలు దొరికాయని, మిగతావి రాస్తానని చెప్పాను.

ఆదోనిలో దిగి, ఎండ ముదరక ముందే ఇంటికి చేరాలని నడిచాను. మా పేటకు పోయే దారిలో రైలు గేటు పడింది. ఆటోలు, స్కూటర్లు, దూది మూటల లారీ ఒకటి ఆగి ఉన్నాయి. సంచి కింద పెట్టి నిలబడ్డాను. గుంతకల్లు వైపు నుంచి బండి వచ్చింది, స్టేషను దగ్గర పడుతున్నది గనక మెల్లగా. కిటికీల్లో ముఖాలు ఒక్కటొక్కటిగా కనిపించి పోతున్నాయి. పాండన్న ఉంటే ఎనభై దగ్గర పడి ఉంటాడు. కానీ నేను చూస్తున్నది, ఎందుకు చూస్తున్నానో తెలియకుండానే, మీసాలు సరిగా రాని ముఖం కోసం. చివరి పెట్టె కూడా పోయింది. నా వెనక హారన్లు మోగాయి.

"పెద్దాయనా, గేటు తీసినారు" అన్నాడు ఆటో అబ్బాయి. "ఇంగేం చూస్తాండావు, నడువు."